బేస్ గిటార్ సౌండ్ తగ్గిందని పికప్ మార్చెయ్యకు

బాబూ,

కొత్త పికప్ కొనే ముందు నీ దగ్గరున్నదాన్ని ఒకసారి కొలిచి చూడు. పికప్ అంటే తీగల కింద ఉండి, వాటి కదలికని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతాలూ వైరు చుట్టా. చాలా బేస్‌లలో పికప్ బాగానే ఉంటుంది, లోపం ఇంకెక్కడో ఉంటుంది.

ముందు కేబుల్ మార్చి చూడు. యాంప్‌కి ప్యాసివ్, యాక్టివ్ అని రెండు సాకెట్లుంటే, బ్యాటరీ లేని బేస్‌ని ప్యాసివ్‌లోనే పెట్టాలి. యాక్టివ్ సాకెట్ సిగ్నల్‌ని తగ్గించి తీసుకుంటుంది. బ్యాటరీ ఉన్న బేస్ అయితే ముందు ఆ 9 వోల్టులది మార్చు.

తర్వాత పికప్ ఎంత ఎత్తులో ఉందో చూడు. లావు తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, తీగ అడుగుకీ అయస్కాంతం తలకీ మధ్య సందు స్టీలు స్కేలుతో చూడు. లావు తీగ వైపు 3 మి.మీ., సన్న తీగ వైపు 2 నుంచి 2.5 ఉండాలి. 5 ఉందంటే జబ్బు దొరికినట్టే. స్క్రూలు సగం చుట్టు చొప్పున వదులు చెయ్యి, పికప్ పైకొస్తుంది. రాకపోతే కింద ఉన్న స్పాంజి అణిగిపోయిందన్నమాట, కొత్త ముక్క పెట్టు. అలాగని మరీ దగ్గరికి తేకు. అయస్కాంతం తీగని లాగేసి నోటు వణుకుతుంది, త్వరగా చచ్చిపోతుంది.

ఇప్పుడు మల్టీమీటర్. ఇది ప్యాసివ్ బేస్‌కే పనికొస్తుంది. కేబుల్ బేస్‌లో ఉంచి, వాల్యూమ్, టోన్ నిండా తిప్పి, మీటర్‌ని 20 కిలో ఓమ్‌ల మీద పెట్టి, కేబుల్ రెండో చివర జాక్ మొనకీ బాడీకీ ముళ్లు ఆనించు. ప్రెసిషన్ రకానికి (రెండు సగాలుగా ఉండే ఒకే పికప్) సుమారు 10 కిలో ఓమ్‌లు రావాలి. జాజ్ రకంలో (రెండు పికప్‌లు, రెండు వాల్యూమ్‌లు) రెండోదాని వాల్యూమ్ సున్నాలో పెడితే ఒక్కో పికప్‌కి 7 దగ్గర, రెండూ నిండా తెరిస్తే 4 లోపు. ప్రెసిషన్‌లో 5 చూపించి రెండు తీగలే నీరసంగా ఉంటే, వాటి కిందున్న సగం చుట్ట షార్ట్ అయ్యుంటుంది. మీటర్ అసలు అంకె చూపకపోతే ఎక్కడో వైరు తెగింది, ముందు టంకాలు చూడు. చుట్ట లోపలే తెగినా పూర్తిగా మూగబోదు, సన్నగా గీరినట్టు వస్తుంది. అప్పుడు చుట్ట మీది టేపు విప్పకు. చుట్టలోని వైరు తలవెంట్రుకంత సన్నం, రీవైండింగ్ (చుట్ట మళ్లీ చుట్టడం) తెలిసినవాళ్లకే ఇవ్వు. జాజ్‌లో విడివిడిగా బాగుండి, రెండూ కలిపితే అడుగు సౌండ్ పోతుంటే ఫేజ్ తిరగబడింది, అంటే ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి ఎదురుగా వస్తోంది. ఒక పికప్ రెండు వైర్లూ అటుదిటు మార్చి టంకం వెయ్యి.

నువ్వుండేది విశాఖ పెదవాల్తేరు. ఆ ఉప్పుగాలికి బేస్‌కున్న జాక్ సాకెట్ లోపలి రేకు పచ్చబడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కేబుల్ మొనని తాకే రేకుని కొంచెం లోపలికి వంచు. వాల్యూమ్, టోన్ నాబ్‌ల కిందుండే పాట్లలో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పు. తీగలు తుప్పు పట్టుంటే మార్చు. నికెల్ లేదా స్టీలువే తీసుకో, బ్రాంజ్ తీగల్ని పికప్ సరిగా పట్టుకోలేదు.

ఇవన్నీ సరిగ్గా ఉండి ఇంకా తక్కువైతేనే సిగ్నల్‌ని పెంచే క్లీన్ బూస్టర్ పెడల్. దాంతో గుయ్‌మనే హమ్ కూడా పెరుగుతుంది, అందుకే దాన్ని ఆఖర్న చెప్పాను. మీటర్‌లో వచ్చిన అంకెలు రాసి పంపు, ఏ పికప్‌దో, ఏ నాబ్ ఎంత తిప్పి ఉందో కూడా రాయి.