ఫైటర్ చేపకు జత వెతుకుతున్నారా? ముందు సీసాలు లెక్కపెట్టుకోండి

ప్రశ్న: అన్నా, నేను డిగ్రీ సెకండియర్. ఆరు నెలలుగా ఒక నీలం రంగు ఫైటర్ మగచేపను పెంచుతున్నాను. పది రోజుల నుంచి నీళ్ల మీద నురగలాగా బుడగలు కడుతోంది. షాపతన్ని అడిగితే 'గూడు కట్టిందంటే జత కావాలనే, ఒక ఆడదాన్ని తీసుకెళ్లి అందులో వేసెయ్' అన్నాడు. వేస్తే పిల్లలు అవుతాయా? అమ్మేమో ఒక్క చేపకే ఇల్లంతా నీళ్లు చేస్తున్నావని ఇప్పటికే గొడవ. (తణుకు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వేసెయ్యమన్నాడు కదా, వేసెయ్యకు తమ్ముడూ. గూడు కట్టిందంటే మగచేప హుషారుగా ఉందని అర్థం, అంతే. పక్కన ఆడచేప లేకపోయినా కడుతుంది. దాని తొట్టిలోకి కొత్త ఆడదాన్ని తెచ్చి వదిలితే తన జాగాలోకి ఎవరో వచ్చారని తరిమి తరిమి రెక్కలు చీల్చేస్తుంది, తెల్లారేసరికి ఆడచేప చచ్చి తేలినా ఆశ్చర్యం లేదు.

నిజం చెప్పాలంటే గుడ్లు పెట్టించడం పెద్ద పనేం కాదు. పిల్లలకు మొదటి పది రోజులు ఏం పెడతావు, మూడో నెలలో మగపిల్లల్ని ఎక్కడ ఉంచుతావు, ఈ రెండింటికీ జవాబు చేతిలో ఉంటేనే ఆడచేప కోసం షాపుకెళ్లు.

ఆడచేప మగదానికంటే కాస్త చిన్నదిగా ఉంటే మంచిది. పొట్ట నిండుగా ఉండాలి, పొట్ట కింద ఆవగింజలో సగం ఉండే తెల్లటి చుక్క కనిపించాలి. రెండింటినీ వేరువేరుగా ఉంచి పది రోజులు బాగా మేపు. దోమ పిల్లల్ని మించిన మేత లేదు. కానీ వాటి కోసం బయట నీళ్ల తొట్టి పెట్టి మర్చిపోయావంటే వారం పది రోజుల్లో అవే దోమలై లేస్తాయి, డెంగీ రోజుల్లో వీధివాళ్లందరితో మాటలు పడాలి. అందుకని పైన వల కట్టి, ఎప్పటికప్పుడు వడగట్టి వేసెయ్.

జతకు వేరే తొట్టి కావాలి. నలభై లీటర్లది తీసుకున్నా నీళ్లు ఐదారు అంగుళాలే పొయ్యి. అడుగున గులకరాళ్లు వద్దు, జారిపడిన గుడ్లు రాళ్ల సందుల్లోకి పోతే మగచేపకు దొరకవు. మున్సిపాలిటీ నీళ్లయితే ఒక రోజంతా బకెట్లో నిలవబెట్టి క్లోరిన్ పోయాకే వాడు. ఎండి రాలిన బాదం ఆకు ఒకటి కడిగి వెయ్యి. అదే, వీధి చివర గొడుగులాగా పరుచుకునే బాదం చెట్టుది, జీడిపప్పు పక్కన అమ్మే బాదంది కాదు. థర్మాకోల్ గ్లాసును నిలువుగా రెండుగా కోసి ఒక ముక్కను బోర్లించి తేలేస్తే దాని కింద గూడు కడుతుంది. ఒక మూలన నాచు దట్టంగా పెట్టు, ఆడచేప దాక్కోవాలిగా. వేడి 27, 28 డిగ్రీలు ఉండాలి. చలికాలం మొదలెడితే హీటర్ తప్పదు.

ముందు మగచేపను వదులు. పైనా కిందా కోసిన వాటర్ బాటిల్‌ను తొట్టిలో నిలబెట్టి ఆడచేపను అందులో ఉంచు. ఒక రోజు ఒకదాన్నొకటి చూసుకోనీ. ఆడదాని ఒంటి మీద నిలువు చారలు వచ్చి, తల వంచుకుని మగదాని వైపు వస్తుంటే బాటిల్ తీసెయ్. అడ్డ చారలొస్తే భయపడిందని లెక్క, ఆగు. వదిలాక కొంత తరుముడు, కాస్త రెక్క చిరగడం మామూలే. మరీ మూలన నక్కి కదలకపోతే మాత్రం బయటికి తియ్యాల్సిందే.

అన్నీ కుదిరితే గూడు కిందికి వస్తాయి. మగచేప ఉంగరంలాగా ఆడదాన్ని చుట్టేస్తుంది, రెండూ కొన్ని క్షణాలు బిగుసుకుపోయి ఉంటాయి, అప్పుడు ఆడదాని కింద నుంచి గసగసాల్లాగా తెల్లటి గుడ్లు రాలతాయి. మగచేప విడిపించుకుని కిందికి దూకి, ఒక్కొక్కదాన్నీ నోట్లో ఏరుకుని పైకెళ్లి బుడగల్లోకి ఊదుతుంది. మళ్లీ చుట్టుకోవడం, మళ్లీ ఏరుకోవడం. గంటల తరబడి ఇదే పని. మొదటిసారి చూసినప్పుడు నేను అన్నం తినడం కూడా మర్చిపోయాను. గుడ్లు వందల్లో ఉండొచ్చు. అయిపోయాక మగచేప ఆడదాన్ని మళ్లీ తరమడం మొదలెడుతుంది, అప్పుడు ఆడదాన్ని తీసెయ్. ఒకటి రెండు రోజుల్లో పిల్లలు బయటపడి గూట్లోంచి తోకలు కిందికి వేలాడేసుకుని ఉంటాయి, జారితే తండ్రే పట్టి పైన పెడుతుంది. ఇంకో రెండు మూడు రోజులకు అడ్డంగా ఈదడం మొదలెట్టాక తండ్రిని కూడా తీసెయ్.

ఇక అసలు కష్టం. ఆ పిల్లల నోరు ఎంత చిన్నదంటే షాపులో దొరికే పొడి మేత కూడా వాటికి బండరాయే. నేను మొదటిసారి ఎవరో చెప్పారని ఉడకబెట్టిన గుడ్డు పచ్చసొన నలిపి వేశాను, మర్నాటికి నీళ్లు మజ్జిగలా తెల్లబడి, వందకు పైగా పిల్లల్లో మూడే మిగిలాయి. ఆ తప్పు నువ్వు చెయ్యకు. జత కలపడానికి నాలుగైదు రోజుల ముందే ఒక సీసాలో పాత తొట్టి నీళ్లు పోసి, ఉడకబెట్టిన క్యాబేజీ ఆకు ముక్క వేసి కిటికీ దగ్గర పెట్టు. అందులో కంటికి ఆనని సూక్ష్మజీవులు పుడతాయి, అదే వాటికి ఉగ్గు.

నాలుగైదు రోజులయ్యాక ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో పెరిగే రొయ్యలాంటి బుల్లి జీవి పిల్లలు. మన కోస్తాలో రొయ్య పిల్లల హేచరీల్లో వాడేది అదే. లీటరు నీళ్లలో 25, 30 గ్రాముల కల్లుప్పు కరిగించి, చిటికెడు ఆర్టీమియా గుడ్లు వేసి, గాలి గొట్టం పెట్టి, పైన లైటు వేసి ఉంచితే ఒక రోజుకి నారింజ రంగు చుక్కలు కదులుతాయి. గాలి ఆపితే పెంకులు పైకి తేలతాయి, కింద లైటు చూపిస్తే పిల్లలు అక్కడికి చేరతాయి. వాటిని సన్న గొట్టంతో లాగి, ఉప్పునీళ్లు వడగట్టి వెయ్యి. చేపపిల్లల బుల్లి పొట్టలు నారింజ రంగులోకి మారితే తిన్నాయని అర్థం, ఇక టెన్షన్ లేదు.

తొట్టి మీద మూత మాత్రం తియ్యకు. ఈ చేపలు నీళ్ల పైకొచ్చి గాలి కూడా పీలుస్తాయి, ఆ అవయవం పిల్లలకు మూడు నాలుగు వారాలప్పుడు తయారవుతుంది. ఆ సమయంలో పైనున్న గాలి చల్లగా ఉంటే చాలా పోతాయి.

మూడో నెల దగ్గర పడేసరికి మగపిల్లలు కొట్టుకుంటాయి. అరవై పిల్లలు బతికి అందులో సగం మగవనుకో, ముప్పై సీసాలు, ముప్పై సీసాలకూ నీళ్లు మార్చడం. పక్కపక్కన పెడితే మధ్యలో అట్టముక్కలు అడ్డం పెట్టాలి, లేకపోతే పొద్దస్తమానం ఒకదాన్ని చూసి ఇంకొకటి రెక్కలు విప్పి అలిసిపోతాయి. ఈ ముక్క మీ అమ్మగారికి ఇప్పుడే చెప్పు, అప్పుడు కాదు.

ప్రశ్న: మా ఫైటర్ జత గుడ్లు పెట్టింది. మర్నాడు చూస్తే మగచేపే అన్నీ తినేసింది. జబ్బు ఏమైనా ఉందంటారా? (హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: జబ్బేం కాదండీ. మొదటిసారి తండ్రయిన చేపల్లో ఇది మామూలే. పాడైన గుడ్లను తినడం మంచిదే కూడా, లేకపోతే బూజు పక్క గుడ్లకు పాకుతుంది. అన్నీ తినేసిందంటే మాత్రం గుడ్లు సరిగా ఫలదీకరణ చెందలేదేమో, లేదా దానికి బెదురు పుట్టిందేమో చూడండి. రాత్రి ఎన్నిసార్లు లైటు వేసి తొంగి చూశారో మీకే తెలుసు. రెండు మూడు వారాలు మళ్లీ మేపి ఇంకోసారి కలపండి, ఈసారి తొట్టికి మూడు వైపులా పేపరు అంటించండి.

ప్రశ్న: మిగిలిన పిల్లల్ని మా ఊరి చెరువులో వదిలితే దోమలు తగ్గుతాయి కదా సార్? (నల్గొండ జిల్లా నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వద్దు. ఇది మన చెరువుల చేప కాదు, థాయిలాండ్‌ది, 2019లో ఆ దేశం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది కూడా. బయటి చేపను మన నీళ్లలో వదలకూడదు, పైగా ఆ పొడుగు రెక్కలేసుకుని కొరమీను నుంచి తప్పించుకునేంత వేగం దానికి లేదు. అక్వేరియం షాపులో అడగండి, డబ్బులివ్వకపోయినా మేతకు మార్చుకుంటారు.