తెల్లజుట్టు దాచడం మోసమా?

ప్రశ్న: మాది చిత్తూరు. 2022లో తిరుపతి సంబంధం చేసుకున్నాను. పుట్టినప్పటి నుంచి నాకు నుదుటి పైన తెల్లజుట్టు పాయ ఉంది, రంగు వేసుకుంటాను. మా నాన్నకు ఒక చెవి వినపడదు, మిషన్ పెట్టుకుంటారు. 2024 ఏప్రిల్‌లో మా బాబుకు రెండు చెవులూ వినపడవని తేలింది. డాక్టర్లు వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్ అన్నారు, అంటే తెల్లజుట్టు పాయ, వినికిడి లోపం తెచ్చే జన్యులోపమట. ఆ తర్వాత ఏడాదిన్నర కలిసే ఉన్నాం. ఇప్పుడు నన్ను పుట్టింటికి పంపేసి, జబ్బు దాచి పెళ్లి చేశారు, రద్దు చేయిస్తాం అని లాయర్ నోటీసు ఇచ్చారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, నోటీసు అంటే కోర్టు తీర్పు కాదు, టెన్షన్ పడకండి. వాళ్లు పట్టుకున్నది పెళ్లి రద్దు గురించి చెప్పే హిందూ వివాహ చట్టం సెక్షన్ 12. అక్కడ మోసం నిలవాలంటే ముఖ్యమైన విషయం మీకు తెలిసి ఉండాలి, తెలిసీ దాచి ఉండాలి. జబ్బు పేరే మీరు బాబు పుట్టాక విన్నారు. ఒకే ఇంట్లో ఈ జన్యులోపం ఒకరికి జుట్టుతో ఆగిపోతుంది, ఇంకొకరికి వినికిడి లేకుండా చేస్తుంది. ఎవరికి ఎంత వస్తుందో డాక్టర్లే ముందుగా చెప్పలేరు. ఇక పెళ్లిచూపులకు జుట్టుకు రంగు వేయడం మోసమైతే మన జిల్లాలో సగం పెళ్లిళ్లు రద్దవ్వాలి! మీ నాన్నగారు పెళ్లిలో మిషన్‌తోనే కూర్చుని ఉంటే ఆ ఫోటోలు తీసి పెట్టండి.

మీకు అసలు బలం గడువు. మోసం బయటపడ్డ ఏడాదిలోపు పిటిషన్ వేయాలి. తెలిశాక ఇష్టపూర్వకంగా కాపురం చేసినా రద్దు అడగడానికి వీల్లేదు. మీ ఆయనకు రెండూ అడ్డే. 2024 నాటి వినికిడి పరీక్ష రిపోర్టు, ఆ తర్వాత కలిసి ఉన్నట్టు చూపే టీకాల కార్డు, ఫోటోలు, బ్యాంకు కాగితాలు జాగ్రత్త చేసి, లాయర్ చేత జవాబు ఇప్పించండి. పోనీ విడాకులే అడిగినా, చెవుడు గానీ జన్యులోపం గానీ సెక్షన్ 13లో కారణంగా లేవు.

మీకూ బాబుకూ మనోవర్తి కోసం భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 144 కింద చిత్తూరులోనే వేయవచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది.

కేసు కంటే ముందు బాబు సంగతి చూడండి. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) ఎంత ఆలస్యమైతే మాటలు అంత కష్టం. వికలాంగ ధ్రువపత్రానికి, యూడీఐడీ కార్డుకు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.

ఈలోగా పెద్దమనుషుల పంచాయితీకి పిలుస్తారు. స్టాంపు పేపరు మీద రాసుకున్న విడాకులు చెల్లవు. కానీ అందులో "దాచిన మాట నిజమే" అన్న ఒక్క ముక్క కింద మీ సంతకం ఉంటే, దాన్నే రేపు కోర్టులో మీ మీద చూపిస్తారు.