ముందు నీ పేజీ రాయి

చినవాల్తేరు,
సోమవారం రాత్రి

చిన్నీ,

పొద్దున్న మీ అమ్మ ఫోన్ చేసింది. మీ ఇంజినీరింగ్ బ్యాచ్ బయటికొచ్చి పదేళ్లయిందట. డిసెంబర్‌లో అందరూ క్యాంపస్‌లో కలుస్తారట. ఎవరెక్కడున్నారో, ఏం చేస్తున్నారో పోగుచేసి పుస్తకం వేసే పని నువ్వు నెత్తికెత్తుకున్నావట. వినగానే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మన ఆంధ్రా యూనివర్సిటీ 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు వచ్చింది. దానికి వందేళ్లు నిండిన ఏడాది మా ఇంటి పిల్ల చేతుల మీదుగా ఒక పుస్తకం రావడం నాకు చిన్న సంగతి కాదు.

ఆ వెంటనే మీ అమ్మ గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "అందరి చేతా రాయిస్తోంది గానీ తనది మాత్రం రాయదట అక్కా. ఉద్యోగం పోయిన సంగతి ఎవరికీ తెలియకూడదట." అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. పడుకున్నా నిద్ర రాక లేచి కాగితం తీశాను.

పుస్తకం పనులు నీకు నేను నేర్పక్కర్లేదు. పేర్ల జాబితా డిపార్ట్‌మెంట్‌లో అడిగి తెచ్చుకో. గడువు పెట్టు, నువ్వు పెట్టిన గడువుకి ఎవరూ పంపరు కాబట్టి ఇంకో పది రోజులు చేతిలో ఉంచుకో. ప్రూఫు నువ్వొక్కదానివే చూడకు, ఇంటిపేర్లలో తప్పులు మన కంటికి ఆనవు. పెళ్లయి ఇంటిపేరు మారిన అమ్మాయిలవి రెండు పేర్లూ వెయ్యి.

ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు మాత్రం వేయకు. పోలీసులమని వీడియో కాల్ చేసి, అరెస్టు చేశామని బెదిరించి డబ్బు గుంజే రోజులివి. పీడీఎఫ్ ఒకసారి వాట్సాప్‌లో పడిందంటే ఎవరెవరి చేతుల్లోకి పోతుందో నీకే తెలియదు. పెద్దమ్మకి అన్నీ భయాలే అంటావు. అను. అయినా వేయకు.

ఇంకోటి. ఫారం పంపేముందు ఎవరైనా మన మధ్య లేకుండా పోయారేమో కనుక్కో. నేను కనుక్కోలేదు. ఒక ఇంటికి ఫారం వెళితే వాళ్ల నాన్నగారు కార్డు మీద రెండు ముక్కలు రాశారు: "మావాడు పోయి రెండేళ్లయిందమ్మా. గుర్తు పెట్టుకున్నందుకు సంతోషం." ఆ కార్డు చేత్తో పట్టుకుని పోస్ట్‌మ్యాన్ వెళ్లిపోయాక కూడా గుమ్మంలోనే నిలబడిపోయాను.

అవును, నేనూ ఒకసారి ఇలాంటి పుస్తకం వేశాను. నీకెప్పుడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

మాది 1983 ఎమ్మెస్సీ కెమిస్ట్రీ బ్యాచ్. 1993లో పదేళ్లు నిండాయని కలుద్దామనుకున్నాం. నేను ఊళ్లోనే డిగ్రీ కాలేజీలో పని చేస్తున్నాను కాబట్టి పుస్తకం బాధ్యత నాకు పడింది. ముప్పై ఇద్దరం. కష్టపడి అందరి అడ్రసులూ సంపాదించి ఫారం తయారుచేశాను. అందులో గడులు ఇవి: పేరు, హోదా, సంస్థ, భర్త లేదా భార్య ఉద్యోగం, పిల్లలు, సాధించిన విజయాలు. ఎలా నింపాలో తెలియడానికి నమూనా ఒకటి ఉంటే బాగుంటుందని, అందరికంటే ముందు వచ్చిన ఫారాన్ని సైక్లోస్టైల్ తీయించి ప్రతి కవర్లోనూ పెట్టాను. అది అమెరికాలో పరిశోధన చేస్తున్న మా క్లాస్‌మేట్‌ది. పేపర్లు, అవార్డులు, వెళ్లిన దేశాలు. అతను గొప్పకు రాయలేదు, ఉన్నదే రాశాడు. దాన్ని మిగతా ముప్పై ఇళ్లకు పంపింది నేను.

పంతొమ్మిది మంది దగ్గర్నుంచే జవాబులొచ్చాయి. స్టీల్ ప్లాంట్‌లో చేరినవాళ్లు, హిందూస్తాన్ జింక్‌లో ఉన్నవాళ్లు, బ్యాంకు ఆఫీసర్లు, లెక్చరర్లు. రాని పన్నెండు మంది బద్ధకించారనుకుని కోపం తెచ్చుకున్నాను. వాళ్ల పేర్లకు ఎదురుగా "వివరాలు అందలేదు" అని వేయించాను. నమూనా చూసి వాళ్లలో కొందరు కలం మూసేశారని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

ఆ పంతొమ్మిదిలో ఒకటి అనకాపల్లి నుంచి వచ్చింది. హాస్టల్లో నా రూమ్మేట్‌ది. మా క్లాసులో ల్యాబ్ పని దానంత శుభ్రంగా చేసినవాళ్లు లేరు. పీహెచ్‌డీలో చేరింది, వాళ్ల నాన్నకి పక్షవాతం వస్తే ఏడాదిన్నరకే వదిలేసి ఇంటికి వెళ్లింది, తర్వాత ఆ ఊళ్లోనే పెళ్లయింది. ఫారం ఖాళీగా పంపి, దానికి నాలుగు ఠావుల ఉత్తరం జతచేసింది. రెండువైపులా రాసింది. సాయంత్రాలు ఇంటి అరుగు మీద చుట్టుపక్కల ఆడపిల్లలకి కెమిస్ట్రీ చెబుతోందట. బెల్లం వండేచోటికి తీసుకెళ్లి, చెరకు రసంలో సున్నం ఎందుకు వేస్తారో, దానికి పులుపు ఎలా విరుగుతుందో, బెండ జిగురు వేస్తే మడ్డి ఎలా పైకి తేలుతుందో చూపిస్తుందట. దిమ్మ తెల్లగా మెరిస్తే మంచి ధర పలుకుతుందని హైడ్రోస్ కలుపుతున్నారని, ఆ సోడియం ఉప్పు ఏమిటో, ఎందుకు తగ్గించాలో బెల్లం వండేవాళ్లతో వాదిస్తోందట. "ముగ్గురు విన్నారు. మిగతావాళ్లు నవ్వారు. మళ్లీ వెళతాను" అని రాసింది.

ఆ ఉత్తరం చదివి నేను ఏడ్చాను కూడా. ఏడ్చి, తర్వాత ఏం చేశానో విను. డాబాగార్డెన్స్‌లో ప్రెస్సు అతను రెండు అచ్చు ఫారాలు, అంటే ముప్పై రెండు పేజీలు దాటితే కాగితం ఖర్చు పెరుగుతుందన్నాడు. వసూలైన డబ్బు అంతంతమాత్రం. ఎక్కడ తగ్గించాలా అని చూస్తే హోదా, సంస్థ లేనిది అదొక్కటే కనిపించింది. ఆ నాలుగు ఠావులూ పక్కన పెట్టి, దాని పేరు కింద రెండు మాటలు రాసిచ్చాను: "గృహిణి, అనకాపల్లి."

అమెరికా అతనిది మాత్రం పేజీన్నర పూర్తిగా వచ్చింది.

కలిసిన రోజు నా రూమ్మేట్ పొద్దున్నే వచ్చింది. గోధుమరంగు జరీ అంచు చీర కట్టుకుని, నాకోసం మాడుగుల హల్వా తెచ్చింది. పుస్తకాలు పంచుతుంటే నిలబడే తిరగేసింది, తన పేరు దగ్గర ఆగింది. నేను చూశాను. ఎవరో పిలిస్తే అటు వెళ్లిపోయాను. భోజనాల దగ్గర వెతికితే లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్లి బస్సెక్కేసిందని ఎవరో చెప్పారు. పుస్తకం కుర్చీలో వదిలేసింది. తర్వాత రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. వెళ్లి గుమ్మం ముందు నిలబడాల్సింది. ముప్పై చిల్లర కిలోమీటర్లు. వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియక ఏళ్లకేళ్లు గడిపేశాను.

ఇరవై ఒక్క ఏళ్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది, నీకు గుర్తుండే ఉంటుంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, వీధినిండా చెట్లు పడి ఉన్నాయి. నాలుగో రోజు సాయంత్రం గేటు చప్పుడైతే వెళ్లి చూశాను. అది. రెండు చేతుల్లో నీళ్ల క్యాన్లు, సంచిలో కొవ్వొత్తులు, అటుకులు, బెల్లం. "టీవీలో చూశాను. నీకు చెట్లంటే భయం కదా, కిటికీ పక్కన పడుకునేదానివి కాదు" అంది. ఆ రాత్రి ఇనప్పెట్టెలోంచి ఆ నాలుగు ఠావులూ తీసి దాని చేతిలో పెట్టాను. కొవ్వొత్తి వెలుగులో తన ఉత్తరం తనే మొత్తం చదువుకుంది. మడిచి, "నీ దగ్గరే ఉంచు" అని నాకే ఇచ్చింది.

ఇందాక రాత్రి తొమ్మిదింటికి దానికి ఫోన్ చేసి, ఇదంతా నీకు రాయొచ్చా అని అడిగాను. "రాయి. హైడ్రోస్ సంగతి మాత్రం కొట్టేయకు" అంది.

అందుకే చెబుతున్నాను చిన్నీ. నువ్వు పంపే ఫారంలో హోదా అన్న గడి పెట్టకు. ఇప్పుడు రోజు ఎలా గడుస్తోంది, క్లాసులో నేర్చుకున్నది ఎక్కడైనా పనికొచ్చిందా, ఎవరిని చూడాలని ఉంది, ఇలా అడుగు. అందరికీ అరపేజీయే ఇవ్వు, అమెరికా అయినా అరకు అయినా. పేర్లు అక్షరక్రమంలో పెట్టు. ఏదైనా కత్తిరించాల్సి వస్తే కత్తిరించింది వాళ్లకి చూపించి అడిగాకే ప్రెస్సుకి ఇవ్వు. రాయనివాళ్లకి ఫోన్ చెయ్యి, ఒకటికి రెండుసార్లు చెయ్యి, వివరాలు గుచ్చి గుచ్చి అడగకు. అప్పటికీ వద్దంటే పేరు, కాలేజీ నాటి ఫోటో వేసి ఊరుకో. "అందలేదు" అన్న మాట ఎక్కడా కనపడకూడదు.

స్టాటిస్టిక్స్‌లో పేరుమోసిన సి.ఆర్. రావు గారి పేరు నీకు తెలుసు. మన యూనివర్సిటీలోనే లెక్కలు చదివారు. చదువైపోయాక సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. బస చేసిన హోటల్లో పరిచయమైన ఒకాయన ద్వారా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి, 1941లో అందులో చేరారు. 1945లో ఆయన రాసిన పేపర్‌లోని ఫలితాన్ని ఇవాళ్టికీ స్టాటిస్టిక్స్ విద్యార్థులు ఆయన పేరుతోనే చదువుకుంటున్నారు. ఉద్యోగం రాని ఆ రోజుల్లో నా 1993 ఫారం ఆయన చేతికి వచ్చి ఉంటే, హోదా గడిలో ఏం రాసేవారు? నువ్వూ అంతటిదానివి అవుతావని ఊరించడానికి ఇది చెప్పడం లేదు. అవక్కర్లేదు. ఆ గడి ఉండకూడదని చెబుతున్నాను, అంతే.

ఇక నీ సంగతి. కోపంగానే రాస్తున్నాను. ఉద్యోగం పోవడం దొంగతనమా, దాచుకోవడానికి? హైదరాబాద్‌లో నిన్ను తీసేసిన రోజు పావుగంట కాల్‌లో తేల్చేశారని మీ అమ్మ చెప్పింది. ఎనిమిదేళ్లు పని చేసినదానివి. ఆ సిగ్గు నువ్వు ఎందుకు మోస్తున్నావు? చిన్నప్పుడు లెక్కల్లో మార్కులు తగ్గితే ప్రోగ్రెస్ కార్డు బియ్యం డబ్బాలో దాచి, అన్నం వండే వేళకి నువ్వే వచ్చి ఏడుస్తూ చెప్పేసేదానివి. ఇప్పుడు ఎవరికి చెబుతున్నావు? ఒక్కదానివే గదిలో కూర్చుని టెన్షన్ పడుతున్నావేమోనని నాకు భయంగా ఉంది తల్లీ. మిగతా భయాలన్నీ దీని తర్వాతే.

ఈ ఏడు నెలల్లో నువ్వేం చేశావో నాకు తెలుసు. నాన్న మోకాలి ఆపరేషన్‌కి ఆస్పత్రిలో రాత్రిళ్లు కూర్చున్నావు. ఆయన నడక నేర్చుకుంటుంటే పక్కనే నడిచావు. మెషిన్ లెర్నింగ్ కోర్సు సగం చదివావు. పక్కింటి కుర్రాడికి కోడింగ్ నేర్పావు. ఇవి రాయడానికి అరపేజీ చాలదు.

మీ బ్యాచ్‌లో ఇప్పుడు ఉద్యోగం లేనివాళ్లు నువ్వొక్కదానివే అనుకుంటున్నావా? నమూనా కింద నీ పేజీ వెళితే వాళ్లూ రాస్తారు. అందుకని ముందు నీ పేజీ రాయి. "మార్చిలో ఉద్యోగం పోయింది, వైజాగ్ వచ్చేశాను" అన్న మాటతోనే మొదలుపెట్టు. ఆ వాక్యం చేత్తో రాయడం కష్టంగా ఉంటే నా దగ్గర కూర్చుని రాద్దువు గాని.

ఆదివారం రా. నా 1993 పుస్తకం, ఆ నాలుగు ఠావులు బయటికి తీసి ఉంచుతాను. అనకాపల్లి నుంచి పంపిన దిమ్మ ఉంది, నల్లగా ఉంటుంది, పరమాన్నం చేస్తాను. నాన్నకి కొంచెం పట్టుకెళ్దువు గాని. పది దాటితే సిరిపురం దగ్గర ట్రాఫిక్ ఎక్కువ, బేగి బయల్దేరు.

మీ పెద్దమ్మ