ఐ20 మామూలు 1.2 సరిపోతుందా, ఎన్ లైన్ టర్బోకి వెళ్లాలా?

ఒక పాఠకుడి ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో ఉంటున్నారు, అమ్మానాన్నలతో కలిపి ఇంట్లో ఐదుగురు. నెలకు వెయ్యి కిలోమీటర్లు, అదీ ఎక్కువగా సిటీలోనే. అప్పుడప్పుడు తిరుపతి, శ్రీశైలం. హ్యుందాయ్ ఐ20లో 1.2 పెట్రోల్ కింది వేరియంట్ తీసుకుని డబ్బు మిగుల్చుకోవాలా, ఇంకొంచెం పెట్టి ఐ20లోనే స్పోర్టీ రకమైన ఎన్ లైన్ టర్బో తీసుకోవాలా?

ఫీచర్ల పట్టిక పక్కన పెట్టి ముందు బరువు లెక్క వేయండి. ఐదుగురు పెద్దవాళ్లు, డిక్కీలో నాలుగు బ్యాగులు అంటే 350 నుంచి 400 కిలోలు. ఈ రెండు ఇంజిన్ల మధ్య అసలు తేడా అప్పుడే బయటపడుతుంది. ఒక్కరే ఖాళీ రోడ్డు మీద నడిపితే 1.2 కూడా హాయిగానే ఉంటుంది. షోరూమ్ టెస్ట్ డ్రైవ్‌లో జనం మోసపోయేది అక్కడే.

1.2 మాన్యువల్‌ది శక్తి 83 పీఎస్, టార్క్ అంటే లాగే బలం 114.7 ఎన్‌ఎం. ఆ టార్క్ పూర్తిగా వచ్చేది 4200 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. ఎన్ లైన్‌లోది 998 సీసీ, మూడు సిలిండర్ల టర్బో. 120 పీఎస్, 172 ఎన్‌ఎం. అందరూ 83, 120 అనే అంకెలు చూసి పోల్చుకుంటారు గానీ చూడాల్సింది ఆ 172 ఎన్‌ఎం ఎక్కడ మొదలవుతుందనేది. 1500 దగ్గర మొదలై 4000 దాకా ఉంటుంది. మనం రోజూ వాడేది కూడా ఆ మధ్యలోనే.

తిరుమల ఘాట్ రోడ్డు మీద ఇది ఎలా తెలుస్తుందో చెబుతాను. అలిపిరి టోల్‌గేట్ దగ్గర టైమ్ వేసి స్లిప్పు ఇస్తారు, 28 నిమిషాల కంటే ముందు పైకి చేరితే జరిమానా. కాబట్టి అక్కడ స్పీడుకి విలువ లేదు, టర్బో ఉన్నా లేకపోయినా చేరేది ఒకే టైముకి. తేడా వచ్చేది మలుపుల దగ్గర. ముందు బస్సు ఉంటుంది, 25కి తగ్గి తిరుగుతారు, తిరిగిన వెంటనే ఎత్తు. 1.2ని మూడో గేరులో 30 దగ్గర ఉంచి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ 1500, 1600 దగ్గర ఉంటుంది, అక్కడ దానికి శక్తి లేదు. బండి గునుస్తుంది, స్టీరింగ్‌లో వణుకు తెలుస్తుంది. రెండో గేరు వేయాలి. వేశాక బాగానే లాగుతుంది, కానీ 3500, 4000 మధ్య హోరు పెడుతూ లాగుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచితే ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, ఇంజిన్ మీద భారం తగ్గించడానికి ఏసీ కంప్రెసర్‌ని కొన్ని సెకన్లు ఆపుతుంది. వెనక కూర్చున్నవాళ్లు "ఏసీ సరిగ్గా రావట్లేదు" అనేది అందుకే, గ్యాస్ తగ్గి కాదు. అదే మలుపులో టర్బో అయితే మూడో గేరులోనే అర సెకను ఆలోచించి, తర్వాత నిశ్శబ్దంగా ఎక్కేస్తుంది.

ఆ అర సెకను గురించి సేల్స్‌వాళ్లు చెప్పరు. 1500 ఆర్‌పీఎం కింద టర్బో తిరగడానికి చాలినంత పొగ ఒత్తిడి ఉండదు. ఆ క్షణంలో మీ చేతిలో ఉన్నది బూస్ట్ (టర్బో లోపలికి నెట్టే అదనపు గాలి) లేని ఒక లీటరు ఇంజిన్. అంటే 1.2 కంటే బలహీనమైనది. అమీర్‌పేట, పంజాగుట్ట ట్రాఫిక్‌లో రెండో గేరులో పదికి పడిపోయి మళ్లీ తొక్కినప్పుడు మాన్యువల్ టర్బో డల్‌గా ఉంటుంది, మొదటి గేరుకి దిగాల్సి వస్తుంది. 1.2 అలాంటి చోట రెండో గేరులోనే మెల్లగా పాకుతుంది. సిటీ వాడకానికి మామూలు ఇంజినే సుఖం అని పాత మెకానిక్కులు చెప్పేది ఊరికే కాదు.

దీనికి విరుగుడుగా ఆటోమేటిక్ తీసుకుందామంటే అక్కడ వేరే సంగతి. ఎన్ లైన్‌లో వచ్చే 7 గేర్ల డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) డ్రై క్లచ్‌ది. లోపల రెండు క్లచ్ ప్లేట్లు, వాటిని చల్లబరిచే ఆయిల్ ఉండదు. బంపర్ టు బంపర్‌లో అడుగు అడుగూ జరిపితే క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది. ఎక్కువ వేడెక్కితే డాష్‌బోర్డు మీద వార్నింగ్ వస్తుంది, బండి జెర్కులు ఇస్తుంది. ఫ్లైఓవర్ ఎత్తు మీద బ్రేకు వదిలి యాక్సిలరేటర్‌తో బండిని ఆపి ఉంచే అలవాటు కొందరికి ఉంది. డీసీటీకి అంతకంటే చేటు లేదు. బ్రేకు తొక్కి ఉంచండి, ముందు బండికి రెండు మూడు కార్ల ఎడం వచ్చాక ఒకేసారి కదలండి. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనీయండి. అంత ఓపిక లేకపోతే, రోజూ గచ్చిబౌలి వైపు ఆఫీసు ట్రాఫిక్ అయితే, 1.2లో వచ్చే ఐవీటీ (గేర్ల మెట్లు లేని ఆటోమేటిక్) మేలు. డ్రైవింగ్‌లో మజా తక్కువే గానీ ట్రాఫిక్‌లో దాన్ని మించింది లేదు.

హైవే మీద మాత్రం నేను టర్బో వైపే. శ్రీశైలం వెళ్లే దారిలో కడ్తాల్ దాటాక రెండు వరసల రోడ్డు మీద లారీని దాటడం గుర్తు చేసుకోండి. నిండు బండిలో 60 నుంచి 90కి అందుకోవడంలో ఈ రెండింటికీ మూడు సెకన్ల తేడా అనుకుందాం. 80 మీద మీ కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది, ఎదురుగా వచ్చేదీ అంతే. అంటే మూడు సెకన్లలో మీ ఇద్దరి మధ్య దూరం 130 మీటర్లకు పైగా తరిగిపోతుంది. ఓవర్‌టేక్‌లో మీకు మిగిలేదీ, మిగలకుండా పోయేదీ ఆ 130 మీటర్లే. పర్ఫార్మెన్స్ అంటే ఓఆర్ఆర్ మీద 120 కొట్టడం అనుకునే కుర్రాళ్లకు ఇది ఎలా చెప్పాలో తెలియడం లేదు. మన్ననూరు దాటి అడవిలోకి వెళ్లాక ఏ ఇంజిన్ అయినా నెమ్మదిగానే పోవాలి, అది వేరే మాట.

డబ్బు విషయంలో చాలామంది లెక్క తప్పుతారు. రెండూ 4 మీటర్ల లోపు, 1200 సీసీ లోపు కాబట్టి 2025 సెప్టెంబర్ 22 తర్వాత రెండింటికీ జీఎస్టీ 18 శాతమే. అదే క్రెటా సైజుకి వెళ్తే బేస్ అయినా టర్బో అయినా 40. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అయితే టర్బోకే తక్కువ! సీసీని బట్టి వేస్తారు కదా, 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం కొత్త కారు మూడేళ్ల పాలసీ 1000 సీసీ లోపు 6,521 రూపాయలు, 1000 దాటి 1500 లోపు 10,640. టర్బో 998 సీసీ, మామూలుది 1197. అయితే ఓన్ డ్యామేజ్ (మన కారుకి జరిగే నష్టానికి) ప్రీమియం కారు విలువ మీద ఉంటుంది కాబట్టి అక్కడ కొంత తిరిగి పోతుంది. అసలు దెబ్బ లైఫ్ ట్యాక్స్ దగ్గర. తెలంగాణలో ధర 10 లక్షలు దాటితే శ్లాబు మారుతుంది, పెరిగిన శాతం దాటిన భాగం మీద కాకుండా మొత్తం ధర మీద పడుతుంది. 9.9 లక్షల వేరియంట్‌కీ 10.1 లక్షల దానికీ ఎక్స్‌షోరూమ్‌లో తేడా ఇరవై వేలే, ఆన్‌రోడ్‌లో అంతకు మించి ఉంటుంది. అందుకే ఎప్పుడూ ఆన్‌రోడ్ కొటేషన్లు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

పెట్రోలు: సిటీలో ఏసీతో 1.2కి 13.5, టర్బోకి 11 వేసుకోండి. వెయ్యి కిలోమీటర్లకు సుమారు 17 లీటర్లు ఎక్కువ. లీటరు 107 లెక్కన నెలకు 1,800. ఏడాదికి ఇరవై వేలు దాటుతుంది. టర్బోని గట్టిగా తొక్కే కాలు ఉంటే ఇంకా ఎక్కువ. టర్బోది డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే పద్ధతి) కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకోవడం కూడా ఉంటుంది. ఎప్పుడూ చిన్న చిన్న ట్రిప్పులే తిరిగే బండికి అది త్వరగా వస్తుంది. ఆయిల్ మార్చడంలో టర్బో క్షమించదు. 10,000 కిలోమీటర్లో ఏడాదో, ఏది ముందైతే అది. కారుతో ఇచ్చే ఓనర్స్ మాన్యువల్ పుస్తకంలో రాసిన గ్రేడే పోయించండి. ఘాట్ ఎక్కాకో, హైవే మీద గంటల తరబడి పరిగెత్తాకో ఆపినప్పుడు నిమిషంపాటు ఐడిల్‌లో ఉంచి కీ తీయండి. టర్బో బేరింగులో నిలిచిన ఆయిల్ మాడి గడ్డకట్టేది వేడి మీద ఒక్కసారిగా ఆపడం వల్లే.

ఎన్ లైన్‌కి సస్పెన్షన్ మామూలు ఐ20 కంటే గట్టిగా పెట్టారు, టైర్లు 195/55 ఆర్16. అంటే రిమ్ము అంచు నుంచి రోడ్డు దాకా రబ్బరు 107 మిల్లీమీటర్లే. స్విఫ్ట్ కింది వేరియంట్‌లో 165/80 ఆర్14కి 132 ఉంటుంది. ఆ 25 మిల్లీమీటర్లు మన కాలనీల గుంతల్లో చాలా పెద్ద తేడా. టైరు పక్కన ఉబ్బు రావడం, అల్లాయ్ వంగడం ఎక్కువగా ఇలాంటి పల్చటి టైర్లలోనే. బేస్ మోడల్ ఇనుప రిమ్ములని చిన్నచూపు చూస్తారు గానీ వంగితే సుత్తితో సరిచేసేవి అవే. వెనక సీట్లో అమ్మానాన్నలు నడుం నొప్పితో కూర్చునేవాళ్లయితే ఈ ఒక్క విషయమే నిర్ణయం మార్చేయాలి. మీరు చెప్పిన వాడకానికి నా ఓటు 1.2కే, కానీ అట్టడుగు వేరియంట్‌కి కాదు, మధ్యదానికి.

ఎందుకంటే తర్వాత పెట్టించుకోగలిగినవి, ఎప్పటికీ పెట్టించుకోలేనివి అని రెండు రకాలు. మ్యూజిక్ సిస్టమ్, స్పీకర్లు, కెమెరా, సీట్ కవర్లు బయట సగం ధరకు వస్తాయి, వాటి కోసం వేరియంట్ మారకండి. వెనక అద్దం డీఫాగర్ (అద్దం మీద పట్టిన ఆవిరిని తొలగించేది), డ్రైవర్ సీటు ఎత్తు సర్దుబాటు, వెనక వైపరు మాత్రం కంపెనీ నుంచి రావాల్సిందే. జూలైలో వాన పడుతుంటే వెనక అద్దం మూసుకుపోయిన కారుని రివర్స్ చేసినవాళ్లకు డీఫాగర్ విలువ తెలుసు. ఎయిర్‌బ్యాగుల కోసం పైకి వెళ్లాల్సిన పని లేదు, 2023 అక్టోబర్ నుంచి హ్యుందాయ్ అన్ని కార్లలోనూ ఆరు ఉంటున్నాయి. హెడ్‌లైట్లు హాలోజెన్ అని బయట 100/90 బల్బులు వేయించకండి. కంపెనీ వైరింగు 60/55 వాట్లకు. రిలే లేకుండా వేస్తే హోల్డరు కరిగిపోతుంది, వైరు కోశారని వారంటీ కూడా పోతుంది.

నాకు కోపం తెప్పించేది సన్‌రూఫ్. మంచి ఇంజిన్ కావాలన్నా, మంచి సీట్లు కావాలన్నా దాంతో కలిపే కొనాలి. మే నెలలో 44 డిగ్రీల ఎండలో ఆ అద్దం కింద కూర్చుని ఏం చూస్తాం? ఏసీకి అదనపు భారం తప్ప ఏం లేదు. సన్‌రూఫ్ లేకుండా టర్బో, డీఫాగర్, నాలుగు డిస్క్ బ్రేకులు ఉన్న సాదా బండి ఎవరైనా తెస్తే కొనేవాళ్లు ఉన్నారు.

టెస్ట్ డ్రైవ్‌కి ఇంట్లోవాళ్లందరినీ తీసుకెళ్లండి. ఐదుగురినీ ఎక్కించి, ఏసీ ఫుల్ పెట్టి, ఫ్లైఓవర్ ఎత్తు మీద మూడో గేరులో 30 నుంచి తొక్కి చూడండి. గుంతల రోడ్డు మీద 20లో, 40లో పోనిచ్చి, వెనక కూర్చున్నవాళ్లను అడగండి. రెండు ఇంజిన్లూ అదే రోజు, అదే రోడ్డు మీద నడపండి. ఒప్పుకోని షోరూమ్ అయితే ఇంకో షోరూమ్‌కి వెళ్లండి.

బుకింగ్ ఫారం మీద ఇంజిన్, గేర్‌బాక్స్, వేరియంట్ పూర్తి పేరు, రంగు, అన్నీ రాయించుకోండి. యాక్సెసరీల ప్యాకేజీ, హ్యాండ్లింగ్ ఛార్జీలు కొటేషన్‌లో కనిపిస్తే కొట్టేయించండి. ఇన్సూరెన్స్ బయట రేటు కనుక్కుని బేరమాడండి. డెలివరీకి ముందు తయారైన నెల, టైరు మీద నాలుగంకెల కోడ్ చూసుకోండి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. మూడు నెలలు దాటిన స్టాకైతే డిస్కౌంట్ అడగండి, ఇవ్వకపోతే కొత్త బండి వచ్చేదాకా ఆగండి.