షెవర్లే పికప్ 70 మైళ్ళకే 2,800 తిరుగుతోంది, డాంగిల్ పెడదామంటే సాకెట్ పట్టట్లేదు

ప్రశ్న: సార్, నేను హ్యూస్టన్ దగ్గర ఉంటాను. సామాన్లు మోసుకోవడానికి ఈమధ్య 1994 షెవర్లే సీ1500 ట్రక్ కొన్నాను. 5.7 లీటర్ల ఇంజిన్, ఆటోమేటిక్. ఊళ్ళో బాగానే పోతుంది. ఫ్రీవే మీద 70 మైళ్ళ దగ్గర ఉంచితే మాత్రం ఆర్‌పీఎం ముల్లు 2,800 దగ్గరే ఉంటోంది, ఒకటే మోత. మెకానిక్‌కి చూపిస్తే ట్రాన్స్‌మిషన్ పోయింది, 3,000 డాలర్లు అవుతుందన్నాడు. నేనే చూసుకుందామని బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ చెప్పే లోపాలని ఫోన్‌లో చూపించే చిన్న పరికరం) తెప్పించాను కానీ బండిలో సాకెట్‌కి అది పట్టట్లేదు. అడాప్టర్ కొనాలా?

జవాబు: అడాప్టర్ కొనకండి. ఆ డాంగిల్స్ అన్నీ ఓబీడీ-2 కోసం చేసినవి, అమెరికాలో అది కార్లకీ పికప్పులకీ తప్పనిసరి అయ్యింది 1996 మోడల్ నుంచి. మీ బండిలో ఉన్నది దానికి ముందు తరం 12 పిన్నుల సాకెట్. తీగ మార్చి ఎలాగోలా తగిలించినా అవతల కంప్యూటర్ మాట్లాడే భాషే వేరు. ఫోన్‌లో యాప్ "కనెక్టింగ్" అంటూ తిరుగుతూనే ఉంటుంది.

మెకానిక్ మాట కూడా కాసేపు పక్కన పెట్టండి, ఎందుకంటే ఈ కేసులో కాలిక్యులేటర్ చాలు. మైళ్ళలో వేగాన్ని యాక్సిల్ నిష్పత్తితోనూ (చక్రం ఒక చుట్టు తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో అది), గేరు నిష్పత్తితోనూ (ఆ షాఫ్ట్ ఒక చుట్టుకి ఇంజిన్ ఎన్ని చుట్లో అది), కొలతలు కుదర్చడానికి 336తోనూ గుణించి, టైరు ఎత్తు ఎన్ని అంగుళాలో దానితో భాగిస్తే ఆర్‌పీఎం వస్తుంది. మీ ట్రక్‌లో ఉండేది 4ఎల్60ఈ గేర్‌బాక్స్, దాని నాలుగో గేరు నిష్పత్తి 0.70, మూడోది సరిగ్గా 1. గ్లవ్ బాక్స్ తలుపు లోపల ఒక స్టిక్కర్ నిండా మూడక్షరాల కోడ్‌లు ఉంటాయి, అందులో జీయూ6 కనిపిస్తే యాక్సిల్ 3.42, జీటీ4 అయితే 3.73, జీటీ5 అయితే 4.10. మీది 3.42 అనుకుందాం, టైర్లు 235/75ఆర్15, అంటే సుమారు 28.9 అంగుళాలు. నాలుగో గేరులో 70 మైళ్ళకి 1,950 రావాలి. అదే లెక్క మూడో గేరుతో వేసి చూడండి, 2,785 వస్తుంది.

మీ ముల్లు ఎక్కడ ఉందన్నారు? 2,800.

ఇక్కడ చాలామంది టైర్ల మీదికో వెనక యాక్సిల్ మీదికో పోతారు, పాత ఓనర్ ఏదో మార్చేసుంటాడని. మార్చి ఉండొచ్చు కూడా. కానీ స్పీడోమీటర్‌కి సంకేతం వచ్చేది గేర్‌బాక్స్ వెనక చివరున్న సెన్సర్ నుంచి, చక్రాల నుంచి కాదు. కాబట్టి టైరు మార్చినా యాక్సిల్ మార్చినా మీటర్ చూపించే మైళ్ళు తప్పుతాయి తప్ప, మీటర్‌లో 70కీ ఆర్‌పీఎంకీ ఉన్న సంబంధం మారదు, ఎవరో కాలిబ్రేషన్ ముట్టుకుంటే తప్ప. ఫోన్‌లో జీపీఎస్ స్పీడ్ పెట్టుకుని ఒకసారి పోల్చండి. రెండూ దగ్గరగా ఉంటే టైర్లు, యాక్సిల్ మీద అనుమానం వదిలేయండి. ఆ మాటకొస్తే కంపెనీ నుంచే 4.10తో వచ్చిన బండి కూడా 70 దగ్గర 2,340 ప్రాంతంలోనే ఉండాలి.

కాబట్టి మీ బండి మూడో గేరులోనే నడుస్తోంది. దీనికి మొదటి అనుమానితుడు, నవ్వకండి, మీ చెయ్యి. స్టీరింగ్ పక్క లివర్ మీద ఆ కాలం బండ్లలో రెండు "డి"లు ఉంటాయి, ఒకటి సున్నాలో చుట్టిన డి, పక్కన మామూలు డి. చుట్టినదే ఓవర్‌డ్రైవ్, అంటే నాలుగు గేర్లూ. మామూలుది మూడుకి మించి పోనివ్వదు, బరువు లాగేటప్పుడు వాడతారు. మన దగ్గర ఐదు గేర్ల కారుని విజయవాడ హైవే మీద నాలుగులోనే ఉంచి "ఇదేంటి ఇంత మోత" అనుకున్నట్టే ఇది కూడా. పాత బండ్లలో సూచిక ముల్లు పక్కకి జరిగి అబద్ధం చెబుతుంది, దాన్ని నమ్మకుండా క్లిక్కులు లెక్కపెట్టండి: పార్క్ నుంచి మూడో క్లిక్ ఓవర్‌డ్రైవ్, నాలుగోది మామూలు డి.

లివర్ సరిగ్గానే ఉందనుకోండి, అప్పుడు కూడా 3,000 డాలర్లకి తొందరపడొద్దు. ఈ గేర్‌బాక్స్‌లో నాలుగో గేరు పడాలంటే ఒక బ్యాండు, ఒక క్లచ్ పట్టుకోవాలి. ఆ బ్యాండే రెండో గేరుకీ పనిచేస్తుంది, ఆ క్లచ్చే మూడోదానికీ. మీకు ఊళ్ళో రెండు, మూడు జారకుండా పడుతున్నాయంటే అవి చాలావరకు బతికున్నట్టే. షిఫ్ట్ సొలెనాయిడ్ (గేరు మార్చే ఆయిల్ దారిని కరెంటుతో తెరిచి మూసే చిన్న వాల్వ్) లాంటిది పాడై ఉండొచ్చు, అది కింద ఆయిల్ పాన్ విప్పితే చేతికందుతుంది, గేర్‌బాక్స్ దించక్కర్లేదు. గేర్‌బాక్స్ ఆయిల్ చూడండి, ఎర్రగా ఉంటే సంతోషం, నల్లబడి మాడు వాసన వస్తే మాత్రం మెకానిక్ చెప్పినదాంట్లో నిజం ఉండొచ్చు.

నాలుగో గేరు పడ్డాక ఇంకొకటి చూడండి. 55 దగ్గర నిలకడగా పోతూ యాక్సిలరేటర్ మీద కాలు అలాగే ఉంచి బ్రేక్ పెడల్‌ని ఊరికే తాకితే, బ్రేక్ పట్టనంత తేలిగ్గా, ఆర్‌పీఎం రెండు మూడు వందలు పైకి ఎగరాలి. అలా ఎగిరితే టార్క్ కన్వర్టర్ లాకప్, అంటే ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ జారకుండా నేరుగా కలిపే ఏర్పాటు, పనిచేస్తోందన్నమాట. ఎగరకపోతే బ్రేక్ పెడల్ స్విచ్ చూపించండి, లేదా థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయి ఇంజిన్ వేడెక్కట్లేదేమో చూపించండి, రెండూ చవక వ్యవహారాలే.

ఇక డాంగిల్ రిటర్న్ చేసేయండి. మీ సాకెట్‌లో ఏ, బీ పిన్నులని పేపర్ క్లిప్పుతో కలిపి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పితే డ్యాష్‌బోర్డ్ మీద ఇంజిన్ లైటే మిణుకుమంటూ కోడ్ చెబుతుంది. ఒకసారి, కాస్త ఆగి రెండుసార్లు వెలిగితే 12, అది మూడుసార్లు వస్తుంది, అదేం జబ్బు కాదు. దాని తర్వాత ఇంకేమైనా వస్తే రాసి పంపండి, జీపీఎస్ రీడింగ్‌తో కలిపి.