ఓవెన్ పెడితే ఇల్లంతా కరెంటు పోతోంది

ప్రశ్న: ఈ వేసవిలో మేము పాత పెంకుటింటి నుంచి కొత్త అపార్ట్‌మెంటుకు మారాము. పాత ఇంట్లో ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా కేకులు చేసిన మా ఓటీజీ ఓవెన్‌ను శ్రావణమాసంలో అటక మీద నుంచి దించి ఆన్ చేయగానే ఇల్లంతా కరెంటు పోయింది. ఎన్నిసార్లు స్విచ్ పైకెత్తినా అదే పరిస్థితి. అదే సాకెట్‌లో ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్ చక్కగా పనిచేస్తున్నాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి, ట్రిప్పర్ (తేడా వస్తే తనంతట తానే కరెంటు ఆపేసే స్విచ్) తీసేయమని, లేదంటే ఎర్త్ పిన్ను లేని ప్లగ్ వేసుకోమని చెప్పారు. అలా చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆ రెండింటిలో ఏదీ చేయకండి. ఇస్త్రీపెట్టె పనిచేస్తున్న సాకెట్‌లోనే ఓవెన్ ఒక్కటే ఇబ్బంది పెడుతోందంటే లోపం దాదాపుగా ఓవెన్‌లోనే ఉంది. ట్రిప్పర్ తన పని తాను సరిగ్గా చేస్తోంది.

ఇల్లంతా కరెంటు పోయిందన్నారు కాబట్టి మీ స్విచ్ బోర్డులో పడిపోతున్న ట్రిప్పర్ సన్నగా ఉండే ఎంసీబీ కాదు, ‘టి’ అనే చిన్న బటన్ ఉండే వెడల్పాటి ఆర్‌సీసీబీ అయి ఉంటుంది. ఎంసీబీ లోడు ఎక్కువైనప్పుడో, షార్ట్ సర్క్యూట్ అయినప్పుడో పడుతుంది. 1500 వాట్ల ఓవెన్ 230 వోల్టుల దగ్గర తీసుకునేది ఆరున్నర ఆంపియర్లే కనుక 16 ఆంపియర్ల సాకెట్‌కు అది భారం కాదు. ఆర్‌సీసీబీ చూసేది వేరు. ఫేజ్ తీగలో వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో తిరిగి వస్తున్నదా, కొంత ఎర్త్‌లోకి జారుతున్నదా అని అది అనుక్షణం పోల్చి చూస్తుంది. ఇళ్లలో వాడే రకం, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే పడిపోవాలి. 15 దాటాక ఎప్పుడైనా పడవచ్చు. పాత ఇంట్లో ఉన్నది ఫ్యూజు మాత్రమే అయితే, ఇంత చిన్న లీకేజీకి అది కరగదు. కాబట్టి ఓవెన్ అప్పటికే కొద్దిగా లీకవుతూ ఉండి మీకు తెలియకపోయి ఉండవచ్చు.

ఇక అసలు కారణం. ఓవెన్‌లో ఎర్రగా కాలే కడ్డీ నిజానికి ఒక లోహపు గొట్టం. దాని మధ్యలో కరెంటుతో వేడెక్కే నైక్రోమ్ తీగ, ఆ తీగ గొట్టాన్ని తాకకుండా చుట్టూ గట్టిగా దట్టించిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటాయి. ఆ పొడి వేడిని పంపుతుంది, కరెంటును ఆపుతుంది, కానీ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గొట్టం చివర్లలోని సీలు పాతబడితే, నెలల తరబడి వాడకుండా ఉంచిన ఓవెన్‌లోకి, అందులోనూ మీ కోస్తా వానాకాలంలో, తేమ చేరడం చాలా మామూలు విషయం. అప్పుడు కరెంటు ఆ పొడి గుండా గొట్టానికి, అక్కడి నుంచి ఓవెన్ బాడీకి, ఎర్త్‌కు దారి చేసుకుంటుంది. ఎర్త్ పిన్ను తీసేస్తే ఆ దారి మూసుకుపోయి బాడీ మీదే కరెంటు నిలుస్తుంది. తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి తలుపు తీసిన వారి ఒంటి గుండానే అది భూమిలోకి వెళ్తుంది. ఆర్‌సీసీబీ కూడా లేకపోతే ఆ క్షణంలో కాపాడేది ఏదీ ఉండదు.

పరీక్షించే ముందు ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ వంటి వాటి ప్లగ్గులు తీసేయండి, ఎందుకంటే ఒక్కొక్కదానిలోని కొద్దిపాటి లీకేజీ కలిసి కూడా ఆర్‌సీసీబీని అంచుదాకా తెస్తుంది. తర్వాత ఓవెన్ నాబ్‌ను పై కడ్డీకి, ఆపైన కింది కడ్డీకి మార్చి చూస్తే ఏది దోషమో చాలాసార్లు తెలిసిపోతుంది. సాకెట్ స్విచ్ ఆపి ఉన్నా ప్లగ్ పెట్టగానే పడిపోతుంటే ఆశ్చర్యపోకండి: ఆ స్విచ్ ఫేజ్‌నే తెంచుతుంది, న్యూట్రల్ ఎర్త్‌ను తాకుతుంటే ప్లగ్ తీస్తే తప్ప అది ఆగదు. రెండు మూడుసార్లకు మించి స్విచ్ ఎత్తకండి.

కొద్దిపాటి తేమే అయితే ప్లగ్ తీసిన ఓవెన్‌ను రెండు మూడు రోజులు మంచి ఎండలో, తలుపు తెరిచి ఉంచితే సరిపోవచ్చు. తగ్గకపోతే మెకానిక్ చేత పక్క రేకు విప్పించి, కడ్డీ చివర్లలో తుప్పు, మాడిన మరక, చచ్చిన బొద్దింక, ఒరుసుకుపోయిన వైరు వంటివి ఉన్నాయేమో చూపించండి. కడ్డీలను విడిగా తీసి వేడితో ఆరబెట్టాక 500 వోల్టుల మెగ్గర్‌తో (కరెంటు లీకేజీని పట్టే మీటరుతో) కొలిపించాలి. మామూలు మల్టీమీటర్‌కు ఈ లోపం అన్నిసార్లూ దొరకదు. రీడింగ్ ఒక మెగా ఓమ్‌కు తక్కువగా ఉంటే ఆ కడ్డీని మార్పించడమే మేలు. ఓవెన్ మొత్తం కొనవలసిన పనిలేదు, కడ్డీ విడిగా దొరుకుతుంది.

బాగయ్యాక దాన్ని మళ్ళీ అటకెక్కించకుండా, ముసురు రోజుల్లో వారానికొకసారి పావుగంట ఖాళీగా వేడి చేస్తూ ఉండండి.