అటక దిగిన ఎర్ర డబ్బా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: చిన్నప్పుడు మా మేనమామ గల్ఫ్ నుంచి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ (కథలో పాత్రలుగా మారి పాచికలతో ఆడే ఆట) ఎర్ర డబ్బా తెచ్చారు. అది ఎప్పుడో పోయింది. ఇప్పుడు మళ్లీ కొందామని వెతికితే ‘బేసిక్’ పేరుతోనే రకరకాల డబ్బాలు కనిపిస్తున్నాయి. మేం ఆడింది ఏదో ఎలా పోల్చుకోవాలి?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మూత బొమ్మ గుర్తు తెచ్చుకోండి. కత్తి పట్టిన వీరుడు ఎర్ర డ్రాగన్‌తో తలపడుతుంటే అది 1983 నాటి ఫ్రాంక్ మెంట్జర్ కూర్పు, బొమ్మ లారీ ఎల్మోర్ వేసింది. 1977 నాటి ఎరిక్ హోమ్స్ కూర్పులో పుస్తకం నీలి అట్టది. 1981 నాటి టామ్ మోల్డ్‌వే కూర్పు ముదురు గులాబీ రంగు డబ్బాలో వచ్చింది. ఇంకో ఆనవాలు: మొదటి పుస్తకంలో ఒంటరిగా ఆడే కథ ఉండి, అందులో అలీనా అనే పూజారిణిని బార్గిల్ అనే మాంత్రికుడు చంపేస్తే అది మెంట్జర్‌దే. ఆ డబ్బా ఆడినవాళ్లకి బార్గిల్ మీద కసి ఇంకా తీరి ఉండదు.

ఎర్ర డబ్బాలో 1 నుంచి 3 లెవెల్ దాకానే ఆట. తర్వాతివి నీలి ఎక్స్‌పర్ట్, ఆకుపచ్చ కంపేనియన్, నల్ల మాస్టర్, బంగారు రంగు ఇమ్మోర్టల్స్. మీ ఇంట్లో లేనివాటిని వరస పూర్తవడం కోసమే కొనకండి. 1974 నాటి మొట్టమొదటి డబ్బా ముద్రించిందే వెయ్యి ప్రతులు. దాని కోసం వేల డాలర్లు పోసేవాళ్లున్నారు, వాళ్ల దారి వాళ్లది.

ప్రశ్న: అమ్మేవాళ్లు ‘కంప్లీట్’ అని రాస్తే నమ్మొచ్చా? ఏమేం అడగాలి?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ఆ మాటని నమ్మకండి, లెక్క అడగండి. ఎర్ర డబ్బాలో ఉండాల్సినవి: 64 పేజీల ఆటగాళ్ల పుస్తకం, 48 పేజీల డంజన్ మాస్టర్ (ఆట నడిపేవారి) పుస్తకం, 4, 6, 8, 10, 12, 20 ముఖాల పాచికలు ఆరు, ఒక క్రేయాన్. ఫొటోలు నాలుగు చాలు: మూత మూలలు, రెండు పుస్తకాల నడిమి పేజీ దగ్గర పిన్నులు, కాగితం మీద పరిచిన పాచికలు, వెనక అట్టలు. మూలలు చిట్లడం మామూలే. నడిమి పేజీ పిన్ను నుంచి ఊడిందంటే మాత్రం ధర తగ్గించమనాలి. పాత ఆటగాడి పెన్సిల్ రాతలుంటే బెంగపడకండి, ధర తగ్గుతుంది కాబట్టి మీకే లాభం.

పాచికల మీద అంకెలు ఖాళీ గాడులుగా వచ్చేవి, కొన్నవాళ్లే క్రేయాన్ రుద్ది నింపుకునేవారు. మైనం రాలిపోతే పళ్లపుల్లతో గాడి శుభ్రం చేసి, పిల్లల మైనపు క్రేయాన్‌ని గట్టిగా రుద్ది, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి.

పార్శిల్ కట్టేటప్పుడు పుస్తకాలు, పాచికలు డబ్బాలోంచి తీసి విడిగా చుట్టమనండి. లోపలి బరువు కదిలితేనే మూలలు పగిలేది. పుస్తకాలకీ ఆటవస్తువులకీ కస్టమ్స్ సుంకం వేరుగా ఉండొచ్చు కాబట్టి డిక్లరేషన్‌లో విడివిడిగా రాయమని చెప్పండి.

ప్రశ్న: వరద ఏడాది నుంచీ అటక మీదే ఉన్న పాత గేమ్ పుస్తకాలు కిందకి దించాను. ముక్కిన వాసన, తెల్ల బూజు, తుప్పు పిన్నులు, సందుల్లో వెండి రంగు పురుగులు. ఎండలో పెట్టేయనా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఎండ వద్దు. వడియాలు ఎండినట్టు ఎండుతాయి గానీ ఎర్ర రంగు వెలిసిపోతుంది, అట్టలు వంకర్లు పోతాయి.

ముందు వాటిని మంచి పుస్తకాల నుంచి వేరు చేయండి. పొడి మధ్యాహ్నం చూసుకుని, నీడలో, కాస్త విప్పి నిలువుగా నిలబెట్టి, గాలి సూటిగా తగలకుండా ఫ్యాన్ వేయండి. రెండు మూడు రోజులు పట్టొచ్చు. నునుపు కాగితం పేజీలు అతుక్కుంటే లాగకండి, అచ్చు ఊడి వస్తుంది. బాగా ఆరాక, మాస్కు పెట్టుకుని, ఆరుబయట మెత్తని బ్రష్‌తో బూజు దులపండి. తడిగా ఉండగా దులిపితే కాగితంలోకి ఇంకుతుంది.

పురుగులకి: పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టి, గాలి పిండేసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. ఫ్రిజ్‌లో ఐసు ట్రే పెట్టే అర ఆ చలికి చాలకపోవచ్చు. రొయ్యల పక్కన మాత్రం పెట్టకండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పొద్దు, విప్పితే గాల్లో తేమ చల్లని కాగితం మీద నీరవుతుంది. నాఫ్తలీన్ ఉండలు వేస్తే వాసన వదలదు, దాని ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లని మెత్తబరుస్తుంది కూడా.

తుప్పు కాగితాన్ని తింటుంటేనే పిన్ను మార్చండి. కిందికి పలచటి ప్లాస్టిక్ కార్డు దూర్చి, మొద్దు కత్తితో కాళ్లు లేపి తీసి, అవే రంధ్రాల్లో స్టెయిన్‌లెస్ పిన్ను వేయండి, లేదా నూలు దారంతో కుట్టండి. పిన్ను మారిందంటే సేకర్తలు లోపంగానే లెక్కపెడతారు. చిట్లిన డబ్బా మూలకి సెలోటేప్ వేస్తే కొన్నేళ్లకి పసుపెక్కి జిగురు కారుతుంది. ఉడికించిన మైదా జిగురైతే ఆ పురుగులకి పిలిచి పెట్టిన విందే. ఆమ్లం లేని తెల్ల జిగురు, పలచటి టిష్యూ వాడి లోపలివైపు అతికించండి.

ఇక దాచడం. గోదావరి జిల్లాల్లో అసలు శత్రువు చెమ్మే. గాల్లో తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజుకి అదను, 45 నుంచి 55 మధ్య ఉంటే నిశ్చింత. తేమ కొలిచే చిన్న మీటరు కొని డబ్బాలోనే పెట్టండి. రబ్బరు అంచు మూత ఉన్న ముప్పై నలభై లీటర్ల డబ్బాకి అర కిలో సిలికా జెల్ (చెమ్మ పీల్చే, రంగు మారే గుళికలు), గుడ్డ సంచిలో, కాగితానికి తగలకుండా ఉంచాలి. రంగు మారాక 110–120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు పెడితే మళ్లీ పనికొస్తుంది. మీటరు 35 కంటే దిగితే కొంత జెల్ తీసేయండి, అట్టలు పెళుసెక్కుతాయి. చాలామంది చేసే పొరపాటు ఒకటే: పూర్తిగా ఆరని పుస్తకాన్ని డబ్బాలో బిగించడం. అప్పుడా డబ్బానే బూజుకి పురిటిగది. కవర్లు పాలీప్రొపిలీన్‌వి తీసుకోండి, పీవీసీవి అట్టకి అంటుకుంటాయి. గోడకి ఆనించిన బీరువా కంటే నాలుగంగుళాలు ఎడంగా, నేలకి అడుగు ఎత్తులో ఉన్నది మేలు.

ప్రశ్న: పాత ప్రతి పాడుకాకుండా మా పిల్లలతో తెలుగులో ఆడొచ్చా?
– ఒక పాఠకురాలు, యానాం

జవాబు: నిక్షేపంగా. నియమాలు చదవాల్సింది ఆట నడిపేవాళ్లే, మిగతావాళ్లకి మాటలూ పాచికలూ చాలు. చదవడానికి అధికారిక పీడీఎఫ్‌లు డ్రైవ్‌త్రూఆర్‌పీజీ అనే వెబ్‌సైటులో అమ్ముతారు. పాత పద్ధతిలోనే రాసిన ‘బేసిక్ ఫాంటసీ’ పీడీఎఫ్ ఉచితం. పాత్రల వివరాలు రాసుకునే షీటు కోసం అసలు పుస్తకాన్ని జిరాక్స్ గాజు మీద నొక్కకండి, పిన్ను దగ్గర పేజీ తెగుతుంది. ఫోన్‌తో ఫొటో తీసి ప్రింటు వేయించండి.